భోజనం చేసిన సైన్యం

ఆ ఉదయం నవ్వాఫ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున పెళ్ళి విందు తీయాలి, మధ్యాహ్నం కోట మీద దాడి తీయాలి, నాలుగింటికి కరక్ కోట తలుపులు మూసేలోపు సామాను సర్దుకుని ఇల్లు చేరాలి. కోటలో చిత్రీకరణకు ఇచ్చిన అనుమతి ఆ సాయంత్రంతో సరి. మూడింటికి రాజధాని అమ్మాన్ నుంచి చానల్ తరఫున రుబా మేడమ్ వస్తుంది. ఆవిడకి దాడి నచ్చితే రంజాన్ నెలలో సీరియల్ వేస్తారు, నచ్చకపోతే ఆ సమయానికి నిరుటి వంటల కార్యక్రమమే మళ్ళీ వేస్తారు. పదకొండేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీసుకుంటూ బతుకుతున్న నవ్వాఫ్‌కి ఇంతకన్నా పెద్ద అవకాశం వచ్చింది లేదు, వచ్చేదీ లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఎందుకంటే ఊరందరికీ అందులో వేషాలున్నాయి.

కథ కరక్ వాళ్ళు ఉగ్గుపాలతో తాగిందే. శిలువ యుద్ధాల రోజుల్లో కోట లోపల సముద్రం దాటొచ్చి పాతుకుపోయిన ఫ్రాంకుల దొరగారింట పెళ్ళి జరుగుతుంటే, బయట సుల్తాను సైన్యం ముట్టడి వేసింది. పెళ్ళికొడుకు తల్లి విందు భోజనం శత్రువుకే పంపించింది. సుల్తాను ఆ మర్యాదకు మెచ్చి, కొత్త దంపతులున్న బురుజేదో కనుక్కుని, దాని జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాడు. మిగతా కోట మీద రాళ్ళు కురిపించాడు. నవ్వాఫ్‌కి కావలసింది ఆ రాళ్ళ వానే. అట్టముక్కలతో చేసిన రాళ్ళు రెండు వందలు, గిన్నెలు బోర్లించి చేసిన శిరస్త్రాణాలు అరవై, ఇరుగమ్మా పొరుగమ్మా ఉన్నితో అల్లి వెండి రంగు పూసిన కవచాలు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

సుల్తాను వేషం హాజీ దియాబ్‌ది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊళ్ళో రెండిళ్ళ మధ్య తగువొస్తే కూర్చోబెట్టి తీర్చేది ఆయనే. పైగా గడ్డం సొంతది, అద్దెకు తేనక్కర్లేదు. పెళ్ళికొడుకు తల్లి వేషం నవ్వాఫ్ అక్క ఖౌలాది. వంట బాధ్యత కూడా ఆవిడే నెత్తిన వేసుకుంది. పొద్దున ఎనిమిదింటికి కోట గుమ్మంలో ఏడు పెద్ద పళ్ళేల నిండా మన్సఫ్ కనిపించేసరికి నవ్వాఫ్ పరుగున అక్క దగ్గరికెళ్ళాడు. అన్నం మీద గొర్రెమాంసం, దాని మీద ఎండు పెరుగు పులుసు, ఆ పైన వేయించిన బాదం పప్పులు.

"ఒక్క పళ్ళెం చాలన్నాను కదక్కా."

"నలభై మంది సైన్యానికి ఒక్క పళ్ళెమా? మనింటి పరువేం కావాలిరా?"

"అది మనిల్లు కాదే. ఫ్రాంకుల దొరసాని ఇల్లు."

"వండింది నేను. రేపు టీవీలో చూసిన వాళ్ళు ఆ దొరసానిని తిడతారా, నన్ను తిడతారా?"

పళ్ళేలన్నీ కొండ దిగి సుల్తాను డేరాకి చేరాయి. రాసుకున్న ప్రకారమైతే సుల్తాను పళ్ళెం వంక చూసి, "కొత్త దంపతులు ఏ బురుజులో ఉన్నారు?" అని అడగాలి. హాజీ అడిగాడు. అడిగి, చొక్కా కుడిచెయ్యి పైకి మడిచాడు.

"హాజీ, తినక్కర్లేదు. చూస్తే చాలు."

"ఇంతదూరం మోసుకొచ్చిన అన్నాన్ని చూసి ఊరుకుంటే పంపిన తల్లి ఏమనుకుంటుంది? రండర్రా."

నలభై మందీ పళ్ళేల చుట్టూ మూగారు. పోనీలే, మధ్యాహ్నం భోజనం ఏర్పాటు తప్పిందని నవ్వాఫ్ లోలోపల సంతోషించాడు కూడా. గంటలో పళ్ళేలు అద్దాల్లా అయ్యాయి.

ఒంటిగంటకి దాడి మొదలవ్వాలి. కెమెరామన్ ఫిరాస్ చెయ్యి ఊపాడు. నవ్వాఫ్ మైకులో "దాడి" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ అరిచాడు. సుల్తాను తన చెక్కకత్తిని జాగ్రత్తగా నేల మీద పెట్టి చతికిలపడ్డాడు. ఆయన్ని చూసి సైన్యమంతా చతికిలపడింది.

"ఏమైంది హాజీ? ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. వాళ్ళ ఉప్పు తిన్నాం. ఆ అన్నం ఇంకా కడుపులోనే ఉంది. ఇప్పుడెళ్ళి వాళ్ళింటి మీద రాళ్ళెయ్యమంటావా?"

"అట్ట రాళ్ళండీ."

"రాయి ఏదైతేనేం. ఉప్పు నిజంది. తిన్న ఉప్పు మూడు రోజులు కడుపులో ఉంటుందంటారు, అవి దాటాక రా, గోడలు కూలగొట్టి చూపిస్తాను."

మూడు రోజులు. నవ్వాఫ్‌కున్నది మూడు గంటలు. జుట్టు పీక్కుంటుంటే ఒక ఆలోచన తట్టింది. కోటలో ఫ్రాంకుల వేషం వేసిన ఇరవై మంది మెతుకు ముట్టలేదు. వాళ్ళ చేత సుల్తాను సైన్యం దుస్తులు వేయించి, తిన్నవాళ్ళని కోటలోకి పంపేస్తే సరి. పరుగున పైకెళ్ళి, దొరగారి వేషంలో ఉన్న మందుల షాపు ముంథర్‌కి విషయం చెప్పాడు. ముంథర్ గిన్నె తీసి బుర్ర గోక్కున్నాడు.

"మనింటి భోజనం చేసిన వాళ్ళ మీద మనమే పడి కొట్టాలా?"

"నువ్వు తినలేదు కదా."

"నేను అన్నం పెట్టిన పక్షం వాణ్ణి. అది ఇంకా పెద్ద తప్పు. మా నాన్నకి తెలిస్తే గుమ్మం తొక్కనివ్వడు."

నవ్వాఫ్ మళ్ళీ కొండ దిగాడు. ఆయాసంలోనూ కంగారులోనూ మనిషికి నోటికేది వస్తే అది అంటాడు.

"హాజీ, అసలది కోటలో వండిందే కాదు. అక్క చేతి వంట కూడా కాదు. హోటల్లో ఆర్డరిచ్చి తెప్పించాను. ఇక లేవండి."

ఈ మాట నవ్వాఫ్ కన్నా ముందే కొండ ఎక్కేసింది. ఎవరు మోశారో తెలియదు, కోట బయట ఉన్నవాళ్ళంతా ఎవరికి వారే నేను కాదన్నారు. తెల్లవారుజామున మూడింటికి లేచి పులుసు కలియబెట్టిన ఖౌలా, ఇరవై మంది ఫ్రాంకులతో, పెళ్ళికూతురితో సహా కోట తలుపు మూసి లోపల గడియ వేసుకుంది. గోడ మీద నుంచి ఒక్కసారి తొంగి చూసింది.

"హోటలు వాళ్ళనే పిలిచి వేషం కట్టించుకో."

అప్పటికి రెండున్నర దాటింది. నవ్వాఫ్ కొండ దిగొచ్చి హాజీ పక్కన చతికిలపడ్డాడు. సీరియల్ పోయిందన్న బాధ కన్నా అక్క మొహం చూసిన బాధ ఎక్కువగా ఉంది. అమ్మ పోయాక తనని పెంచింది ఆ చేతులే. ఆ చేతి వంటనే కాదనేశాడు.

"తప్పు మాట అన్నావు," అన్నాడు హాజీ.

"తెలుసు హాజీ. ఇప్పుడేం చెయ్యను?"

"నువ్వేం చెయ్యకు. నోరు మూసుకుని నా వెనకాల నడువు. కత్తులు ఇక్కడే పెట్టండర్రా. పెద్దరికంగా వెళ్ళి అడుగుదాం."

నలభై మందీ ఆయుధాలు గుట్టగా పోసి బయల్దేరారు. జీన్స్ ప్యాంటుతో అంతమందిలో కనపడతాడని ఎవరో నవ్వాఫ్ మీద ఒక అంగీ కప్పి, నెత్తిన గిన్నె పెట్టారు. గుమ్మం ముందు హాజీ తల వంచుకుని ఎండలో నిలబడ్డాడు. ఎంత కోపమొచ్చినా వాకిట్లో నిలబడ్డ పెద్దమనిషికి కాఫీ ఇవ్వకుండా ఉండటం ఖౌలా వల్ల కాదు. తలుపు కాస్త తెరిచి చిన్న గిన్నెలో కాఫీ అందించింది. హాజీ తీసుకుని, తాగకుండా రాతి మీద పెట్టాడు. అడిగింది దక్కేదాకా తాగడన్నమాట.

"అమ్మా, నీ వాకిట్లోకొచ్చాం. మావాడొకడు నిన్ను తక్కువ చేసి మాట్లాడాడు. అది మా అందరి తప్పు. నీ ఉప్పు తిన్నవాళ్ళం, నీ గోడ మీద చెయ్యెత్తం. మన్నించు."

"నలభై మందితో వచ్చి అడుగుతున్నారు. ఇది అడగటమా, బెదిరించటమా?"

"కత్తులు కిందే పెట్టొచ్చాం. వెతికించుకో."

వెనక నుంచి గిన్నె నెత్తిన పెట్టుకున్న ఒక సైనికుడు ముందుకొచ్చి, "తప్పయిపోయింది," అన్నాడు. ఖౌలా గిన్నె కింద తమ్ముడి మొహం చూసింది. ఆవిడ కళ్ళు నిండాయి.

"కాఫీ తాగండి హాజీ. మీరు అడిగింది ఇచ్చాను."

తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఆకలితో నకనకలాడుతున్న ఫ్రాంకులు బయటికొచ్చి సుల్తాను సైనికులని కావలించుకున్నారు. అప్పుడు చూశాడు నవ్వాఫ్, ఫిరాస్ కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపమనేదాకా ఆపకూడదన్నది ఆ కుర్రాడికి పెళ్ళిళ్ళలో అబ్బిన అలవాటు. అతని పక్కన కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది రుబా మేడమ్.

"సుల్తాను వెళ్ళి శత్రువు గుమ్మంలో క్షమాపణ అడగటం," అంది ఆవిడ. "ఇరవై ఏళ్ళుగా యుద్ధాలే చూసి చూసి విసిగిపోయాను. ఇది ఎవరు రాశారు?"

నవ్వాఫ్ అక్క వంక చూశాడు. "మా అక్క," అన్నాడు.

"ఆ కాలంలో కాఫీ ఉందా?" అని అడిగింది రుబా మేడమ్.

"దూరం నుంచి తీశాను మేడమ్," అన్నాడు ఫిరాస్. "గిన్నెలో ఏముందో కనపడదు."

రుబా మేడమ్ అక్కడికక్కడే ఫోన్లు చేసింది. సీరియల్ ఖాయమైంది, కోటలో ఇంకో నెల చిత్రీకరణకు అనుమతి కూడా తానే ఇప్పిస్తానంది. కాకపోతే శిలువ యుద్ధాల కథ కాబట్టి, పేరుకైనా ఒక యుద్ధం ఉండాలని బతిమాలింది. హాజీ గడ్డం నిమురుకుంటూ ఆలోచించి సరేనన్నాడు.

యుద్ధం ఉన్న రోజున మాత్రం సైన్యం ఎవరి క్యారేజీ వాళ్ళు తెచ్చుకోవాలన్నాడు.