ఫోను ఎత్తని పిల్లలకు పడే శిక్ష

దూరం అనే దురాచారాన్ని పిల్లల వైద్యం నుంచి సంపూర్ణంగా నిర్మూలించినట్టు వరంగల్‌లోని చిన్నారి దృశ్య వైద్య కేంద్రం సగర్వంగా ప్రకటించింది. ఇకపై దగ్గొచ్చిన పిల్ల డాక్టర్ దగ్గరికి పోనక్కర్లేదు, డాక్టర్ పిల్ల దగ్గరికి రానక్కర్లేదు. ఇద్దరూ ఫోన్లో కలుసుకుంటారు. (కలవకపోతే తప్పు పిల్లది.)

ఈ భాగ్యం ఫర్హానాకూ దక్కింది. ఆమె నాలుగేళ్ల కూతురు సబియాకు వానలు మొదలైనప్పటి నుంచి దగ్గు. పడుకుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు. ఆ కూతలు వింటుంటే ఫర్హానా ప్రాణం ఆమె దగ్గర ఉండేది కాదు. ఆమె పెద్ద కోరికలేం కోరలేదు పాపం. ఒక డాక్టర్ తన బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వినాలి, అంతే. కానీ కేంద్రం నిబంధన స్పష్టంగా ఉంది: నడిచి రాగలిగే పిల్లల్ని వీడియోలోనే చూడవలెను. నడవలేని స్థితికి చేరాక నడిపించుకు రావచ్చును.

ఫర్హానా భర్త అబ్దుల్ వహాబ్‌ది పరుపుల దుకాణం. ఇంటి ముందు గదిలోనే దూది ఏకే మిషను. అది నడుస్తుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను ఆ మిషను పక్కనే ఉంటుంది. డాక్టర్ కాల్ ఆ మోతలోనే వచ్చి, ఆ మోతలోనే పోయింది. వెంటనే మెసేజ్: "మీ చిన్నారి గైర్హాజరైనందుకు చింతిస్తున్నాము." ఆ సమయానికి చిన్నారి కొత్త పరుపుల దొంతర మీద దగ్గుతూ నిండుగా హాజరై ఉంది.

రెండో కాల్ శుక్రవారం, సరిగ్గా జుమ్మా నమాజు వేళకు పెట్టారు. టైము మార్చమని ఫర్హానా అడిగింది. టైము మార్చాలంటే డాక్టర్ అనుమతి కావాలన్నారు. డాక్టర్‌తో మాట్లాడాలంటే ఇచ్చిన టైముకే ఫోను ఎత్తాలన్నారు.

"ఫికర్ చెయ్యకు, ఈసారి ఫోను ఇంట్లనే పెట్టిపోత," అన్నాడు అబ్దుల్ వహాబ్. అన్నవాడు అలవాటు కొద్దీ జేబులో వేసుకుని, మసీదు మెట్ల దగ్గర బందు పెట్టాడు.

రెండు కాల్స్ తప్పితే గైర్హాజరు నివారణ అధికారి స్వయంగా ఇంటికి వస్తాడు. (ఇంటికొచ్చి పిల్లల్ని చూడ్డానికి కేంద్రం దగ్గర బండి లేదు. ఇంటికొచ్చి ఫోను ఎత్తమని చెప్పడానికి ఉంది.) ఆ విధంగా రమాకాంత్ సార్ జీపు దిగాడు. వెంట బ్యానర్ కట్టేవాడొకడు, ఫొటోలు తీసేవాడొకడు.

"సార్, మూడో కాల్ ఇయ్యాల్నే వచ్చేదున్నది," అంది ఫర్హానా.

"అందుకే గదమ్మా వచ్చినం! కూసోన్రి, అవగాహన సదస్సు షురూ చేద్దాం. ముందుగాల ఫోను బోర్లించి ఈడ పెట్టున్రి. సదస్సు నడిచినంత సేపు ఎవ్వలూ ముట్టద్దు."

మిషను బందు పెట్టించాడు. బ్యానర్ కట్టించాడు. వీడియో వైద్యం ఆవిర్భావ వికాసాల గురించి అందుకున్నాడు. వికాసం దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందేమో, ఎన్నడూ లేనంత కమ్మగా వినిపించింది.

"సార్! డాక్టరమ్మ!"

"జర ఆగున్రమ్మా, ఫోను ఎట్ల ఎత్తాల్నో ఆ ముచ్చటకే వస్తున్న!"

ఆయన ఆ ముచ్చటకు వచ్చేలోపు ఫోను మోగీ మోగీ ఊరుకుంది. ఫొటోగ్రాఫర్ ఫొటో తీశాడు. మెసేజ్ వచ్చింది. అది చదివి రమాకాంత్ సార్ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"మూడుసార్లు తప్పింది. ఇగ నా చేతుల ఏం లేదమ్మా. నిబంధన పదకొండు. ఈ బిడ్డ వీడియో సేవలకు అనర్హురాలు. శిక్ష కింద మీరు బిడ్డను ఎత్తుకొని వచ్చి, స్వయంగా డాక్టర్ ముంగట నిలబెట్టాలె."

"డాక్టర్ అంటే... నిజం మనిషేనా సార్?"

"మనిషేనమ్మా," అన్నాడాయన బాధగా.

ఫర్హానా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ఆయన రెండు ఓదార్పు మాటలు చెప్పి జీపెక్కాడు.

శిక్ష మర్నాడే అమలైంది. డాక్టర్ దీప స్టెతస్కోప్ ఆనిస్తే సబియా చక్కిలిగింతలకు కిలకిలా నవ్వింది. డాక్టర్ ఛాతీ విన్నది, వీపు విన్నది. తర్వాత పిల్ల చెవి వెనక నుంచి తెల్లటి పోగు ఒకటి తీసి చూసింది.

"ఇదేందమ్మా?"

"దూది మేడం. ఆడుకునుడు, పండుకునుడు అంతా దుకాణంలనే. మెత్తగుంటదని పరుపుల మీదనే పండవెడతం."

"మంచిగనే ఉన్నది! ఆ దూదంతా పీలుస్తున్నది పిల్ల. పక్క లోపటింట్లకు మార్చున్రి. మిషను నడిచేటప్పుడు దగ్గరికి రానియ్యకున్రి." పీల్చే మందు రాసి, ఎలా పీల్చాలో పిల్ల చేత్తో పట్టించి చూపింది. కొన్నాళ్లకు కూతలు ఆగిపోయాయి. ఫర్హానా సంతోషం పట్టలేక గల్లీ అంతా సేమియా పంచింది.

సేమియా గిన్నె అందుకుంటూ పక్కింటి సారమ్మ గొంతు తగ్గించింది. ఆమె మనవడికి చెవిపోటు. "డాక్టర్‌ను ఎట్ల దొరకవట్టినవ్ బిడ్డా?"

"ఏం లేదత్తా. మూడుసార్లు ఫోను ఎత్తకు."

అప్పటి నుంచి గల్లీలో జనం ఎంతో నిష్ఠగా ఫోను ఎత్తడం మానేశారు. మోగుతున్న ఫోను చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని, అది ఆగాక ఒకరినొకరు అభినందించుకునేవారు. ఈ విద్య తొర్రూరు దాకా, ములుగు దాకా పాకింది.

శిక్ష పడ్డ వాళ్లు నవ్వుతూ బయటికి వస్తున్నారన్న సంగతి కేంద్రం దృష్టికి వెళ్లింది. విచారణ కమిటీ వేశారు. డాక్టర్‌ను కలవాలన్న దురాశతోనే ప్రజలు డాక్టర్ కాల్ తప్పిస్తున్నారని కమిటీ తేల్చింది. తగిన చర్యలూ వెంటనే తీసుకున్నారు: డాక్టర్ దీప గదిలో పిల్లలు కూర్చునే స్టూలు తీసేసి, రమాకాంత్ సార్‌కు ఇంకో జీపు ఇచ్చారు.