మాట్లాడగలిగే వేగం

కాలి వేలి గోరు ఊడిపోవడం మనిషి జీవితంలో సాధించదగ్గ విజయాల్లో ఒకటి. తమాషాకి అనడం లేదు. నాకు ఇప్పటికి రెండు ఊడాయి. మూడోది నల్లబడి, మంచి రోజు కోసం చూస్తోంది.

మారథాన్‌కి తయారయ్యేవాడికి కలిగే లాభాలు ఇన్నీ అన్నీ కావు. వాటిని ఎరగనివాళ్ళని చూస్తే నాకు జాలి. పోయినేడాది దాకా నాకు రెండు కాళ్ళున్నాయని మాత్రమే తెలుసు. ఇప్పుడు మోకాలి పక్కన ఒకటి, పిక్క వెనక ఒకటి, మడమ కింద ఒకటి, విడివిడిగా పలకరించే నరాలూ కండరాలూ బోలెడు పరిచయమయ్యాయి. మెట్లు దిగేటప్పుడు అన్నీ ఒకేసారి మాట్లాడతాయి. ఒంట్లోనే ఇంత బలగం ఉన్నవాడు ఒంటరివాడెలా అవుతాడు?

అన్నిటికన్నా పెద్ద లాభం గౌరవం.

నేను బస్ స్టేషన్‌లో ఎంక్వయిరీ కౌంటర్ గుమస్తాని. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, అద్దానికి చేసిన గుండ్రటి కన్నంలోంచి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పడం నా పని. బస్సు ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం, ఎందుకు లేటు, లేటయితే ఎంత లేటు. పైన బోర్డు మీద రాసి ఉన్నదే అడుగుతారు. బోర్డు చదివి వచ్చి, అది నిజమేనా అని అడిగేవాళ్ళు మరో రకం. అలాంటివాడు ఇంటికొచ్చి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎదురింటి గోడకేసి అరగంట చూస్తే తప్పా?

తప్పే. పది నిమిషాలకు మా ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇరవై నిమిషాలకు మా అమ్మాయి నా లక్షణాలన్నీ ఫోన్‌లో కొట్టి, ఒక జబ్బు పేరు చదివి వినిపించింది. అరగంటకు పక్క ఫ్లాటాయన బాల్కనీలోంచి వంగి, "ఉద్యోగానికేం ఢోకా లేదు కదండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

అదే నేను, అదే మొహంతో, నిక్కరు తొడుక్కుని, బూట్లు బిగించుకుని, రెండు గంటలపాటు రోడ్డుకేసి చూస్తూ పోతే? క్రమశిక్షణ! పక్క ఫ్లాటాయన ఇప్పుడు నా కోసం లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడతాడు. "రేపు లాంగ్ రన్ ఉంది" అన్న ఒక్క మాటతో పుట్టినరోజు విందులూ, అపార్ట్‌మెంట్ సంఘం సమావేశాలూ, మా మేనేజర్ గారి వీడ్కోలు ఉపన్యాసమూ తప్పించుకున్నాను.

ఇక లోపల జరిగేది చెబుతాను. మొదటి మూడు కిలోమీటర్లూ బుర్రలో కౌంటర్ తెరిచే ఉంటుంది. ఆ వారంలో నన్ను తిట్టిపోయిన ప్రయాణికులందరూ వరసగా నిలబడతారు. అప్పుడు నోటికి రాని జవాబులన్నీ ఇప్పుడు చెబుతాను. ఐదో కిలోమీటరుకల్లా అందరి మీదా గెలుస్తాను. ఏడో కిలోమీటరుకి పోట్లాడటానికి ఎవరూ మిగలరు. పదో కిలోమీటరుకి నేనూ మిగలను. ఊపిరి, బూట్ల చప్పుడు, అంతే. వారానికి ఆ ఒక్క గంట నాకు వదిలేస్తే, మిగతా వారమంతా ఎవరేమడిగినా చెప్పగలను.

ఆ గంటకే ఎసరు పెట్టాడు మా పార్కు కోచ్. ఒకరోజు మా ఆవిడ కూడా పక్కనుండగా నన్ను ఆపాడు.

"సార్, మీరు మరీ రొప్పుకుంటూ పోతున్నారు. దూరం పరిగెత్తేవాళ్ళు పక్కమనిషితో కబుర్లు చెప్పగలిగే వేగంలోనే పోవాలి. మాట ఆగిందంటే స్పీడు ఎక్కువైనట్టే."

"మరి పక్కన మనిషే లేకపోతేనో?" అంది మా ఆవిడ.

"ఎవరినైనా పెట్టండమ్మా."

"మా తమ్ముడున్నాడుగా."

మా బావమరిది పరుపుల షాపులో సేల్స్‌మన్. మనుషుల్ని పడుకోబెట్టి మాట్లాడించడం అతని వృత్తి. ఆ ఆదివారానికే కొత్త బూట్లతో నా పక్కన చేరాడు.

"బావా, చిన్నప్పుడు మీరేం అవుదామనుకున్నారు?"

"పెద్దవాణ్ణి."

"పోనీ, రిటైరయ్యాక ఎక్కడుండాలని ఉంది?"

"ఇంట్లో."

"మీకు దేనికైనా భయమా బావా?"

"ఈమధ్య ఆదివారాలంటే భయంగా ఉంది."

నవ్వాడే గాని ఆపలేదు. సేల్స్‌మన్ల అలవాటేమో అనుకున్నాను. మనిషిలో మెత్తనిచోటు ఎక్కడుందో కనుక్కున్నాకే పరుపు చూపిస్తారు కదా.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. కబుర్లు చెప్పగలిగే వేగం ఒకటుంటే, చెప్పలేని వేగం కూడా ఉండి తీరాలి కదా? కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు పట్టే రోజుల్లో మా వాడు ఏ సంగతైనా మొదలూ చివరా సహా అడిగేవాడు. ఏడు నిమిషాలకు తెచ్చాను. విశేషణాలు రాలిపోయాయి. ఆరున్నరకి క్రియలు మాత్రం మిగిలాయి. ఆరుకి "బావా" ఒక్కటే మిగిలింది. అది చాలా గట్టి మాట, ఎంత వేగం పెంచినా ఊడిపోలేదు. ఐదు నిమిషాల నలభై సెకన్లకు అదీ ఆగింది. కోచ్ తన పాఠం సంగతి మరిచిపోయి, నన్ను కొత్తవాళ్ళకు చూపించి, పట్టుదలంటే ఇదీ అన్నాడు. పతకాలు కావలసిన ప్రతి దేశమూ తన క్రీడాకారుల వెనక ఒక్కో బావమరిదిని పరిగెత్తించాలని నా సూచన.

పోటీ ఇంకా మూడు వారాలుందనగా ఆఖరి పెద్ద పరుగు, ముప్పై కిలోమీటర్లు. ఒళ్ళు దాచుకుందామని నెమ్మదిగానే మొదలుపెట్టాను. మా వాడికి ఊపిరి బాగానే ఆడుతోంది. అయినా నోరు విప్పలేదు. రెండు కిలోమీటర్లు పోయాం, నాలుగు పోయాం. లేదు.

నేను సంతోషించాలి కదా? బుర్రలో కౌంటర్ తెరిచాను. ప్రయాణికులెవరూ రాలేదు. మా వాడొక్కడే వచ్చి, నోరు మూసుకుని, అద్దం ముందు నిలబడ్డాడు. జరగమంటే జరగడు. ఎంత పరిగెత్తినా నా లోపల ఖాళీ కావడం లేదు.

తొమ్మిదో కిలోమీటరు దగ్గర నేనే అడిగాను. పంతొమ్మిదేళ్ళుగా జవాబులు చెబుతున్నవాణ్ణి, ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది బావా."

"షాపులో ఏమైనా గొడవా?"

"లేదు."

"మరి మాట పడిపోయిందేం?"

అతను నడకలోకి దిగాడు. నేనూ దిగాను.

"నావల్ల కాదు బావా. ఆ ప్రశ్నలు నావి కావు, అక్కవి. వారానికి నాలుగు చెప్పి పంపేది. నేను రెండోది అడిగేలోపే మీరు గేరు మార్చేవారు. తిరిగెళ్తే నాకు తిట్లు, అంత దూరం పోయి కనుక్కున్నది ఇంతేనా అని. పొద్దున అక్కకి చెప్పేశాను, కావాలంటే నువ్వే అడుగు అని."

"తనే అడగొచ్చుగా?"

"అడిగిందట. బస్సు టైము చెప్పినట్టు చెబుతారట మీరు. చెప్పేసి, తర్వాతివాళ్ళు రండి అన్నట్టు వెనక్కి చూస్తారట."

"ఎవరి వెనక్కి?"

"అక్క వెనక్కే బావా. అక్కడ ఎవరూ ఉండరట."

ఆ రోజు ముప్పై పూర్తి కాలేదు. అక్కడినుంచే వెనుదిరిగాం. దూర పరుగులో ఇంకో లాభం ఏమిటంటే, ఇంటి నుంచి ఎంత దూరం పోతే అంత దూరమూ తిరిగి రావాలి. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం. తొమ్మిది కిలోమీటర్లూ ఆలోచించాను. ఏమీ తట్టలేదు.

మా ఆవిడ వంటింట్లో నీళ్ళ సీసాలు నింపుతోంది.

"అప్పుడే వచ్చేశారేం?"

"మీ తమ్ముణ్ణి ఇక పంపకు."

ఆమె సీసా మూత బిగిస్తూ ఉండిపోయింది. అది ఎప్పుడో బిగిసింది.

"ఏం అడగాలన్నా నన్నే అడుగు" అన్నాను. "కూర్చుంటాను."

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేనూ చూశాను. చూపు ఆమె భుజం దాటి పోకుండా పట్టుకోవడానికి నాకు ముప్పై కిలోమీటర్ల శ్రమైంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. కళ్ళజోడూ, మా అమ్మాయి పాత నోట్‌బుక్కూ పట్టుకుని వచ్చింది. సగానికి పైగా ప్రశ్నలతో నిండి ఉంది.

"ముందు స్నానం చేసి, ఏదైనా తినండి" అంది, పేజీలు తిప్పుతూ. "మధ్యలో లేస్తే ఊరుకోను."

పాఠకులారా, నలభై రెండు కిలోమీటర్లకు నేను సిద్ధం. ఆ నోట్‌బుక్కుకి తయారవడానికి ఎన్ని నెలలు పడుతుందో, దానికి కోచ్‌లు ఎక్కడ దొరుకుతారో తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. కాస్త త్వరగా. నా స్నానం అయిపోవచ్చింది.