బత్తాయి తోటకొచ్చిన బంగారు ఈక

వాగు మలుపు తిరిగే చోట, ఒక పెద్ద అడవిలో, అందరిదీ అయిన బత్తాయి తోట ఒకటి ఉండేది. వేసవిలో వాగు ఎండితే పిల్లల తల్లులకీ, జబ్బుపడ్డవాళ్ళకీ ఆ కాయల రసమే దిక్కు.

తోటకి పెద్ద గుబురయ్య అనే ఎలుగుబంటి. ఆయనకి పెద్దగా పనేమీ ఉండేది కాదు. రాలిన ఆకులు చెట్ల మొదట్లోనే కుళ్ళి నేలని తడిగా ఉంచేవి. కొమ్మల్లో ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకున్న ఎర్రచీమలు పురుగుని దరికి రానిచ్చేవి కావు. గుబురయ్య కాయ కోయబోతే ఆయన్నీ కుట్టేవి. ఆయనకున్న బాధల్లా అదొక్కటే.

ఒకనాడు సింహం రాజుగారు చాటింపు వేయించారు. "అడవికి మేలు చేసే ఉత్తమ తోటకి బంగారు ఈక! ఆ తోట పెద్దకి కొలువులో కుర్చీ!"

కుర్చీ మాట వినగానే గుబురయ్యకి తేనె కూడా చప్పబడింది. చతురమ్మ అనే నక్కని సలహాకి పిలిపించాడు. ఆవిడ తోటంతా తిరిగి నిట్టూర్చింది.

"ఇది తోటలా లేదండీ పెద్దాయనా. అడవిలా ఉంది."

"అడవిలోనే ఉంది కదమ్మా!"

"చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియకూడదు."

ఇంకేముంది, ఆకులన్నీ ఊడ్చి వాగులో పోయించారు. గడ్డి పీకించి, నేలని ముంగిలిలా నున్నగా చేయించారు. ఆ తర్వాత ఎర్రచీమల పెద్ద కెంపమ్మని పిలిచారు.

"మీరిక్కడ చేసే పనేంటి?" అంది నక్క.

"పురుగు రాకుండా చూడటం."

"ఎక్కడుంది పురుగు?"

"లేదు. మేమున్నాం కదా!"

"లేని పురుగుకి ఇంత కాపలానా? పోటీకి తోటలు చూడ్డానికి రాజుగారు పంపే నెమలిగారిని కుడితే ఎవరిదమ్మా బాధ్యత?"

కెంపమ్మకి ఒళ్ళు మండింది. నక్క ముక్కు మీద గట్టిగా ఒకటి కుట్టి, బలగాన్నంతా వెంటబెట్టుకుని వాగవతల నిమ్మపొదల్లోకి వెళ్ళిపోయింది.

ఇక సీతాకోకచిలుకలు తీరిగ్గా వచ్చి గుడ్లు పెట్టి పోయాయి. గొంగళిపురుగులు లేత, ముదురు అని చూడకుండా ఆకులన్నీ మేసేశాయి. నున్నటి నేల బీటలు వారింది.

"నెమలిగారు వచ్చేస్తున్నారమ్మా!" అని గుబురయ్య ఏడుపుమొహం పెట్టాడు.

చతురమ్మ బోడికొమ్మలకి టేకాకులు కట్టించింది.

"బత్తాయికి ఇంతింత ఆకులేంటని అడిగితే?"

"అదే మన తోట ప్రత్యేకత అందాం."

నెమలి చిత్రాంబరం గారు వచ్చారు. టేకాకు చూసి మెడ నిక్కించారు. ఏదో అడగబోయి నోరు తెరిచారు. అంతలో ఆకు పక్కన బలిసిన గొంగళిపురుగు కనిపించింది. అడగాల్సింది మరిచిపోయారు. పొద్దు వాలేదాకా ఒక్కో చెట్టునీ శ్రద్ధగా ముక్కుతో పరీక్షించి, నడవలేక కూలబడి, కమ్మగా త్రేన్చారు.

"ఇంత జీవవైవిధ్యం నేనెక్కడా చూడలేదు! బంగారు ఈక మీదే!"

ఎండాకాలం వచ్చింది. గుబురయ్యని కుర్చీలో కూర్చోబెట్టి మోయించుకుంటూ, బహుమతి తోట కాయలు రుచి చూద్దామని సింహం కొలువుతో సహా తరలివచ్చింది. అప్పటికే వాగు ఎండిపోయింది. లచ్చి అనే లేడి కూడా పిల్లని వెంటబెట్టుకుని వచ్చి ఓ పక్కన నిలబడింది.

"కాయలేవి?" అంది సింహం.

"ప్రభూ, ఇది బహుమతి తోట. కాయల తోట వేరే ఉంటుంది," అంది నక్క.

లచ్చికి కొలువుతో పనిలేదు. నేరుగా గుబురయ్యతోనే అంది. "పెద్దాయనా, నా పిల్ల నోరు పిడచగట్టుకుపోతోంది. ఒక్క కాయైనా లేదా?"

గుబురయ్య ఆ పిల్ల వైపు చూశాడు. కుర్చీ ముళ్ళకంపలా గుచ్చుకుంది. దిగ్గున లేచి వాగు దాటి నిమ్మపొదల దగ్గరికి పరిగెత్తాడు.

"కెంపమ్మా, తప్పయిపోయింది. పిల్లకోసం రెండు కాయలు."

"కోసుకో. కుట్టడం మాత్రం మానం. అది మా ఉద్యోగం."

ఒళ్ళంతా దద్దుర్లతో కాయలు తెచ్చి, గుబురయ్య రసం పిల్ల నోట్లో పిండాడు. పిల్ల పుల్లగా మొహం పెట్టి, ఇంకా కావాలని నాలుక చాపింది. అది చూసి సింహం కూడా వెళ్ళి పొదలో మూతి పెట్టింది. మరుక్షణం అడవి దద్దరిల్లేలా గర్జించింది.

"మర్యాద తెలియని చోటు! ఇక్కడికి ఇక జన్మలో బహుమతి రాదు!" అంటూ వాచిన మూతితో కుర్చీనీ, ఈకనీ తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు గుబురయ్య చీమల్ని తోటకి తిరిగి రమ్మన్నాడు.

"మళ్ళీ ఇంకెవరైనా చూడ్డానికొస్తే?" అంది కెంపమ్మ.

"వస్తే కుట్టండి. నేను చూడనట్టు ఉంటాను."

చీమలు వచ్చాయి. రాలిన ఆకుల జోలికి ఎవరూ పోలేదు. కొన్నేళ్ళకి చెట్లు కోలుకుని కాశాయి. చతురమ్మకి మాత్రం కొలువులో కొత్త ఉద్యోగం దొరికింది. ఇప్పుడు అడవిలోని తోటలన్నిటికీ ఆవిడే సలహాదారు.

నీతి: తోట పచ్చగా ఉండాలంటే, ముందు దానికి మంచిపేరు రాకుండా కాపాడుకోవాలి.