కన్యారాశి వారి ఆదాయపు పన్ను

ఏకదంతమూర్తి యెల్ల లెక్కల నేలు
విఘ్నరాజ నీకు వేయి నతులు
తప్పులేని నోట తప్పుగా విన్నట్టి
కథను చెప్పుచుంటి గావుమయ్య

రేపల్లెలో ముప్ఫై ఆరేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, విశ్రమించవలసిన వయసులో సాంబశివరావు మాస్టారు యూట్యూబు ప్రవేశం చేశారు. రోజూ తెల్లవారుతూనే తిథి వార నక్షత్రాలు చదివి, ఒక పద్యం రాగయుక్తంగా పాడి, తాత్పర్యం చెబుతారు. ఫోను పట్టుకుని చిత్రీకరించే బాధ్యత ధర్మపత్ని చంద్రకళమ్మది. శ్రోతలు లక్షన్నర దాటారు. పద్యానికీ తాత్పర్యానికీ నడుమ, ఊళ్ళో బియ్యం మిల్లు నడిపే హేమంత్ గారి సన్నబియ్యం గురించీ, తెనాలిలో చుట్టే ఒక రకం అగరువత్తుల గురించీ మాస్టారు రెండు మంచి మాటలు సెలవిస్తారు. ఆ మాటలకు హేమంత్ గారూ, అగరువత్తుల వ్యాపారీ కలిసి నెలకు పాతికవేలు సమర్పించుకుంటారు. సమర్పించే ముందు పదోవంతు ఆదాయపు పన్ను కింద కోస్తారు.

"మీ పింఛను కలిపినా పన్ను పడదు మాస్టారూ. కోసిన ముప్ఫైవేలూ వెనక్కి వచ్చేస్తాయి" అని తెనాలిలో ఆడిటరుగా పేరు తెచ్చుకున్న జాన్ బాబు చెప్పాడు. అతడు మాస్టారి దగ్గర ఛందస్సు నేర్చుకున్న శిష్యుడు. ఆ ముప్ఫైవేలతో బట్టలుతికే మిషను కొనాలని చంద్రకళమ్మ నిశ్చయించారు. ఆవిడకు మణికట్టు నొప్పి. కనుక ఆ ఉదయం అనుకున్న కార్యక్రమం స్వల్పం. వీడియో ముగించాలి, టిఫిన్ చేయాలి, జాన్ బాబు ఆఫీసు నుంచి ఫోను వస్తే అడిగినవి చెప్పాలి.

ఇక్కడ ఒక సంగతి మనవి చేయాలి. పంచాంగంలో ప్రతి రాశికీ ఆ ఏటి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చిన్న చిన్న అంకెలుంటాయి. అవి రూపాయలూ కావు, లక్షలూ కావు. మంచిచెడ్డలకు సూచనలు మాత్రమే. ఉగాది వెళ్ళి నెలలు గడిచినా, తమ రాశి అంకెలు అడుగుతూ రోజుకు పాతికమంది మాస్టారికి ఫోను చేస్తూనే ఉన్నారు.

ఎనిమిది గంటలకు ఫోను మోగింది. అవతలి ఆడపిల్ల తానెవరో చెప్పిన ముక్కను వంటింట్లో కుక్కరు ఈల మింగేసింది.

"మాస్టారండీ, ఆదాయం ఎంతండి?"

"ఎవరిదమ్మా?"

"మీదేనండి."

ఇంతమంది తమ తమ అంకెలు అడిగారు గాని, చెప్పేవాడి యోగం ఎలా ఉందని అడిగిన పుణ్యాత్మురాలు ఈమె ఒక్కతే. మాస్టారు పొంగిపోయారు.

"నాది కన్య తల్లీ. ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు."

"కన్య పేరు మీద రాసుకోమంటారాండి?"

"రాసుకో, మరచిపోకుండా ఉంటావు."

"పద్నాలుగేనాండి? ఏం తేడా లేదు కదా?"

"ఒక్కటి తగ్గినా అది నాది కాదు."

"వ్యయం మరీ రెండేనండి. ఇంకేమన్నా ఉంటే కలుపుకోండి, మీకే మంచిది."

"మనం కలిపితే పెరిగేది కాదమ్మా అది. రాసిపెట్టి ఉంది."

"రాసిపెట్టారా. అయితే చాలండి, సార్ అడిగితే అదే చెప్తాను."

భర్తను సార్ అని పిలిచే ఇల్లాలు ఈ రోజుల్లోనూ ఉన్నందుకు మాస్టారు సంతోషించారు.

ఆ ఇల్లాలికి ఇంకా పెళ్ళి కాలేదు. పేరు బ్లెస్సీ, జాన్ బాబు ఆఫీసులో గుమాస్తా. పంచాంగం ఎరగని లూథరన్ క్రైస్తవుల ఇంట పుట్టిన పిల్ల. పైగా పన్ను లెక్కలు దాఖలు చేసే గడువు ముంచుకొచ్చే రోజుల్లో ఆడిటరు ఆఫీసులో సున్నాలు పలికే తీరిక ఎవరికీ ఉండదు. అక్కడ అంకె అంటే లక్ష. బ్లెస్సీ శ్రద్ధగా రాసింది: సంస్థ పేరు కన్య. ఆదాయం పద్నాలుగు లక్షలు. వ్యయం రెండు లక్షలు.

సాయంత్రానికి లెక్క కాగితం వాట్సాప్‌లో వచ్చింది. మాస్టారు సంధ్యావందనంలో ఉన్నారు. చంద్రకళమ్మ తెరిచి చూశారు. పైనంతా ఇంగ్లీషు, చివర గడిలో "తిరిగి వచ్చేది లేక చెల్లించవలసినది" అని తెలుగులోనూ ఉంది. దాని ఎదురుగా తొంభై ఐదువేల ఎనిమిది వందల నలభై. ఇంత చదువుకున్న మనిషికి ప్రభుత్వం తిరిగి ఇస్తుంది గాని అడుగుతుందా అని ఆవిడ తర్కించుకుని, మాస్టారికి చూపించకుండానే, మర్నాడే బజారుకు వెళ్ళి బట్టలుతికే మిషనుతో పాటు గిన్నెలు కడిగే మిషనుకు కూడా బయానా ఇచ్చి వచ్చారు.

ఆ మధ్యాహ్నమే జాన్ బాబు ఫోను చేశాడు.

"మాస్టారూ, చూశానండి. ఒళ్ళు జలదరించింది. సత్యమంటే ఏంటో ఈరోజు తెలిసింది నాకు."

మాస్టారు ఆ పక్షమంతా హరిశ్చంద్రుడి కథను భాగాలుగా చెబుతున్నారు. శిష్యుడు వీడియోలు చూస్తున్నాడని గ్రహించి, "ఏదో నా శక్తి కొలదీ చెప్పాను నాయనా" అన్నారు.

"ఆదివారం బాపట్లలో వీడియోలు చేసేవాళ్ళందరికీ పన్నుల మీద సభ పెడుతున్నామండి. అందులో మీకు సన్మానం. అంకె కూడా చెప్పమంటారా? మీరు వద్దంటే చెప్పనండి."

"ఏ అంకె?"

"అదేనండి, పద్నాలుగు."

హరిశ్చంద్రుడి కథ సరిగ్గా పద్నాలుగు భాగాలు. "నిక్షేపంగా చెప్పు. పద్నాలుగింటిలో ఒక్కటి కూడా దాచవద్దు" అని మాస్టారు ఆనతిచ్చారు.

ఆదివారం దంపతులు రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి బాపట్ల చేరారు. పన్నుల సభలో పద్యాలవాడికి సన్మానమేమిటన్న సందేహం మాస్టారికి రాలేదు. సరస్వతి ఎక్కడున్నా పూజ్యురాలే. హాలులో నలభైమంది దాకా ఉన్నారు. నిజాంపట్నం రేవులో చేపల వేలం చూపించే చిట్టిబాబు, చేపల పులుసుకు ప్రసిద్ధికెక్కిన హెలెన్ ముందు వరసలో కూర్చున్నారు. వారి పక్కనే, భోజనాల ఖర్చు భరించిన హేమంత్. గోడవారగా కాగితాల కట్టతో బ్లెస్సీ.

మాస్టారి భుజాల మీద పట్టు శాలువా కప్పి జాన్ బాబు మైకు అందుకున్నాడు.

"మా మాస్టారికి ప్రకటనల మీద వచ్చిందని ప్రభుత్వానికి తెలిసింది మూడు లక్షలండి. ఆయన చెప్పింది పద్నాలుగు లక్షలు. మిగతా పదకొండు లక్షలు ఎవ్వరికీ తెలీదు. నాకూ తెలీదు. ఆయనంతట ఆయనే చెప్పి, తొంభై ఐదువేలు పన్ను కట్టబోతున్నారు. లేచి చప్పట్లు కొట్టండి."

హాలంతా లేచింది. చంద్రకళమ్మ మాత్రం లేవలేకపోయారు. రెండు మిషన్లూ ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. హేమంత్ చప్పట్లు కొడుతూనే వేదిక దగ్గరికి వంగి, "మాస్టారూ, మీకు నేనిచ్చేది నెలకి పదిహేను, అగరొత్తులాయన పది. ఆ పదకొండు లక్షలూ ఏ మిల్లోళ్ళు ఇస్తున్నారండి?" అని నెమ్మదిగా అడిగాడు.

పద్నాలుగు, కన్య, రాసుకో అన్న మాటలు మాస్టారి చెవుల్లో వరసగా మళ్ళీ మోగాయి. ఊరుకుంటే శాలువా దక్కుతుంది, తొంభై ఐదువేలు పోతాయి. అవి పోతే పోయాయి. పద్నాలుగు రోజులు హరిశ్చంద్రుడి గురించి చెప్పిన నోటి నుంచి వెళ్ళిన అబద్ధం సర్కారు కాగితంలో నిలిచిపోతుంది. అది ఆయన సహించలేరు. లేచి నిలబడి మైకు తీసుకున్నారు.

"నాయనలారా, కూర్చోండి. ఆ పద్నాలుగు నాది కాదు. కన్యారాశిది."

మాస్టారు జరిగినది కుక్కరు ఈలతో సహా వివరించారు. ముందు హెలెన్ నవ్వింది. ఆ తరువాత హాలులో నవ్వనివాళ్ళు తల దించుకున్న జాన్ బాబూ, బ్లెస్సీ, చంద్రకళమ్మా మాత్రమే మిగిలారు.

"అయ్యో సార్, నేను జాన్ బాబు సార్ ఆఫీసు అని చెప్పానండి" అంది బ్లెస్సీ, కళ్ళ నీళ్ళతో.

"నువ్వు చెప్పావు తల్లీ. నేను వినలేదు. తప్పు చెవిది, చేతిది కాదు" అన్నారు మాస్టారు. తరువాత సభవైపు తిరిగి ధీమాగా ముగించారు. "నాకు వచ్చేది నెలకు పాతికవేలు. అంతకు మించి పైసా లేదు. హేమంత్ బాబు భక్తితో పంపే స్వయంపాకం తప్ప."

జాన్ బాబు తల పైకెత్తాడు. "స్వయంపాకం ఏంటి మాస్టారూ?"

"నెలకు రెండు బస్తాల బియ్యం. పండితుడికి ఉప్పూ పప్పూ బియ్యం ఇచ్చుకోవడం మన ఆచారం. ఉగాదికి ఒక ఫ్రిజ్జు కూడా ఇచ్చాడు."

"ఫ్రిజ్జు స్వయంపాకంలోకి వస్తుందాండి?"

"పెరుగు అందులోనే ఉంటుంది గదా" అన్నారు చంద్రకళమ్మ, సగం ప్రాణంతో.

జాన్ బాబు హేమంత్ వైపు తిరిగాడు. "మీ పుస్తకాల్లో ఏం రాశారండి? దానమా, ప్రచారమా?"

హేమంత్ భోజనాల గది వైపు చూశాడు. "ప్రచారమేనండి. ఖర్చులో రాశాం."

"అయితే అది మాస్టారికి ఆదాయమేనండి. వస్తువు రూపంలో ఇచ్చినా ఆదాయమే. ఏడాదికి ఇరవైవేలు దాటితే ఇచ్చేవాళ్ళు పదోవంతు పన్ను కట్టించాలి. మీరు కట్టారా?"

చిట్టిబాబు తనకు ఎవరో ఇచ్చిన పడవ ఇంజను సంగతి గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు. హెలెన్ వేళ్ళ మీద మూకుళ్ళూ గ్రైండర్లూ లెక్కబెట్టుకోసాగింది.

జాన్ బాబు అక్కడే కాగితం తీసి లెక్క వేశాడు. బియ్యం, ఫ్రిజ్జు కలిపి డెబ్బైవేలు. అవి చేర్చినా, పింఛను చేర్చినా, పన్ను పడే గీతకు మాస్టారు ఇంకా చాలా దూరంలోనే ఉన్నారు. కోసిన ముప్ఫైవేలూ వెనక్కి వస్తాయి. అంతేకాదు, హేమంత్ ఇప్పుడు మాస్టారి పేరున కట్టవలసిన ఏడువేలు కూడా మాస్టారికే వస్తాయి. దాచినవాడికి దక్కనిది, చెప్పినవాడికి దక్కింది.

చంద్రకళమ్మ అక్కడి నుంచే దుకాణానికి ఫోను చేసి, గిన్నెలు తామే కడుక్కుంటామని చెప్పారు. జాన్ బాబు తప్పు లెక్క చించి, సన్మానం మాత్రం రద్దు కాదని ప్రకటించాడు. ఆ సాయంత్రానికి బాపట్లలోనే అతడికి పదిహేడుమంది కొత్త కక్షిదారులు చేరారు. అందరూ తమకు ముట్టినవి డబ్బులు కావు, వస్తువులేనని చెప్పినవారే.

రైలుకు బయలుదేరుతూ మాస్టారు భుజం మీది శాలువా తడుముకున్నారు. "జానూ, మరి ఇది ఏ పద్దులోకి వస్తుంది?"

జాన్ బాబు నోరు తెరిచేలోపే బ్లెస్సీ కలం తీసింది. "ముందు ఖరీదు చెప్పండి మాస్టారండీ. రూపాయల్లో."

ఈ కథ చదివినవారికీ, పక్కన కూర్చుని విన్నవారికీ ఆ గణనాథుడు అధికమైన ఆదాయాన్నీ, అల్పమైన వ్యయాన్నీ అనుగ్రహించి, అడిగింది ఎవరో తెలుసుకున్న పిమ్మటే జవాబు చెప్పే బుద్ధిని కూడా ప్రసాదించుగాక.