రెండో దరఖాస్తు

ఆ ఉదయం టెంపరరీ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది: నోరు మూసుకుని ఉండడం. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పబట్టి తొమ్మిదేళ్లయినా ఉద్యోగం ఖాయం కాకపోయేసరికి పిల్లలు ఆవిడకు పెట్టిన పేరది. ఎన్నాళ్లకో ఒక పర్మనెంటు పోస్టు మంజూరైంది. మాట్లాడాలి, పదింటికి రమ్మని ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు.

"ఆయన ఏమన్నా సరే, ఊఁ అనెయ్," అన్నాడు భర్త, బూట్ల తాళ్లు బిగించుకుంటూ. "మధ్యలో 'అది కాదు సార్' అన్నావో, ఇంకో తొమ్మిదేళ్లు."

"అననండీ. ఇవాళ నాకు నోరే లేదనుకోండి."

ప్రిన్సిపాల్ మంచి మనిషి. ఎదుటివాళ్లకు మేలు చేసిగాని వదలడు, చిక్కల్లా అక్కడే. ఆవిడ వెళ్లేసరికి హెడ్ క్లర్కు పాత ప్రకటన ఒకటి ముందేసుకుని, కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పేపర్లో ప్రకటన వేయక తప్పదమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "కానీ మీ కొలతలు తీసుకుని కుట్టిస్తాం. ఇంకెవరికీ పట్టకూడదు. రాయవయ్యా, వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ."

"అది వందమందికుంటుంది సార్," అన్నాడు హెడ్ క్లర్కు.

"తొమ్మిదేళ్ల అనుభవం అను. మన కాలేజీలో అంటే పైవాళ్లకి అనుమానం వస్తుంది, 'వృక్షశాస్త్ర ప్రయోగశాలలో' అని రాయి. ఎండబెట్టి అతికించిన మొక్కల్లో నాలుగు వందలకు తగ్గకుండా గుర్తుపట్టాలి."

"మేడంగారిది ఎడమచేతి వాటం సార్," అని గుర్తుచేశాడు హెడ్ క్లర్కు.

"కారణం చూపించాలి కదయ్యా."

"ల్యాబులో నల్లబల్లకి కుడిపక్కన బీరువా ఉంది సార్. కుడిచేత్తో రాస్తే మోచెయ్యి తగులుతుంది."

"వేసెయ్."

మేడం లోలోపల మురిసిపోతూ, పైకి ఊఁ కొడుతూ కూర్చుంది. తొమ్మిదేళ్లలో తనను ఇంత శ్రద్ధగా గమనించినవాళ్లు ఇంట్లో కూడా లేరు. అంతలో హెడ్ క్లర్కు పాత ప్రకటన చూస్తూ, చేతి అలవాటు కొద్దీ, ఎమ్మెస్సీ పక్కన 'ఫస్ట్ క్లాసు' అని చేర్చేశాడు.

మేడం ఊఁ సగంలో ఆగిపోయింది. ఆవిడది సెకండ్ క్లాసు. అరశాతం తక్కువైంది. సర్టిఫికెట్లు రేపు తెచ్చివ్వండని చేరిన రోజున అన్నారు, ఆ రేపు ఇంతవరకూ రాలేదు. బీరువాలో బట్టల కింద దాక్కున్న ఆ కాగితం సంగతి భర్తకు కూడా తెలియదు. సందేహముంటే వెంటనే చెయ్యెత్తమని రోజూ పిల్లలకు చెప్పే మనిషి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఊఁ అంది.

మధ్యాహ్నం హెడ్ క్లర్కు దగ్గరికెళ్లి, చుట్టూ తిప్పి కదిపింది. "ఫస్ట్ క్లాసు అని పెట్టకపోతే ఏమండీ? నాకేదో బెంగగా ఉంది."

హెడ్ క్లర్కు ఆ బెంగను తనకు తోచినట్టు అర్థం చేసుకుని ప్రిన్సిపాల్ చెవిన వేశాడు. "ఫస్ట్ క్లాసు వాళ్లు బోలెడుమంది పోటీకొస్తారని మేడం భయపడుతున్నారు సార్."

"పిచ్చి తల్లి," అన్నాడు ప్రిన్సిపాల్, మనసు కరిగిపోయి. "డిస్టింక్షన్ అని మార్చెయ్. హాయిగా నిద్రపొమ్మని చెప్పు."

హాయిగా నిద్రపోవడం అటుంచి, ఆవిడకు వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి మార్కుల గడి ఖాళీగా వదిలేసి దరఖాస్తు ఇచ్చింది. ఇన్నేళ్లూ చూడనివాళ్లు ఇప్పుడు మాత్రం చూస్తారా అన్న మొండి ధైర్యం ఒకటి. ప్రకటన కుట్టు ఎంత బాగా కుదిరిందంటే, గడువు చివరి రోజుదాకా ఇంకొక్క దరఖాస్తు రాలేదు. ఇద్దరైనా లేందే ఇంటర్వ్యూ జరపకూడదని రూలు.

"పేరుకి ఇంకొకటి వేయించండమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "అర్హత లేనివాళ్లయితే మరీ మంచిది."

అలాంటివాళ్లు ల్యాబ్ అక్క కంటే ఎవరుంటారు? సీసాలు కడగడానికి వచ్చి, మొక్కలు అతికించడం నేర్చుకుని, మేడం పోరు పడలేక దూరవిద్యలో బీఎస్సీ పూర్తిచేసి, ఎమ్మెస్సీ కట్టిన మనిషి. అది ఇంకా సాగుతూనే ఉందని మేడం అనుకుంటోంది. అక్కను బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫారం తనే నింపడం మొదలుపెట్టింది.

"అనుభవం?"

"మీకంటే నెల ముందు చేరాను కద మేడం. తొమ్మిది దాటాయి."

"నమూనాలు?"

"నాలుగు వందలూ అతికించింది నేనే."

మేడం చెయ్యి కాస్త నెమ్మదించింది. "ఎమ్మెస్సీ... చదువుతున్నారు అని రాయనా అక్కా?"

"అయిపోయింది మేడం. పోయిన నెల వచ్చాయి మార్కులు. డెబ్బై ఎనిమిది. మీరు ఈ పోస్టు కంగారులో ఉన్నారు కదా, నా గోల ఎందుకులే అని చెప్పలేదు."

ఆ మాట అని, ల్యాబ్ అక్క కలం అందుకుని ఎడమచేత్తో సంతకం పెట్టింది.

మేడం ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చించేస్తే అడిగేవాళ్లు లేరు. ఏడుపూ వచ్చింది, దాన్ని తోసుకుంటూ గర్వమూ వచ్చింది. చివరికి ఆఫీసుకెళ్లి ఆ దరఖాస్తు తన చేత్తోనే ఇచ్చి, తన ఫారం వెనక్కి అడిగి తీసుకుని, ఖాళీ గడిలో 59.5 అని రాసి మళ్లీ ఇచ్చింది. అది చూసి ప్రిన్సిపాల్ కుర్చీలో జారబడ్డాడు.

"ముందే చెప్పొద్దా అమ్మా?"

"మీరు ఏమన్నా ఊఁ అనాలనుకుని వచ్చాను సార్."

భర్త ఆ రాత్రి సంగతంతా విని, రెండు ముద్దలు మింగాక, "ఊఁ అనమన్నది నేనే కదా," అని ఊరుకున్నాడు. అంతకుమించి ఓదార్పు అతనికి చేతకాదు.

ఇంటర్వ్యూకి బయటినుంచి వచ్చిన పెద్దాయన ల్యాబ్ అక్క చేత పావుగంట పాఠం చెప్పించుకుని, ఈ చదువు ఎవరు చెప్పారని అడిగాడు.

"బయట కూర్చున్నారు సార్, సెకండ్ క్లాసు మేడం," అంది అక్క.

ఉద్యోగం అక్కకే ఇచ్చాడాయన. రూలు రూలే. కానీ పోతూపోతూ, ఈ శాఖకు ఇంకో పర్మనెంటు పోస్టు కావాలనీ, దాని అర్హతలు శాఖలోని పర్మనెంటు లెక్చరరే నిర్ణయించాలనీ రాసి వెళ్లాడు. ఆరు నెలలకు పోస్టు వచ్చింది. అర్హతలన్నీ ల్యాబ్ అక్క ఒక్క వాక్యంలో తేల్చేసింది: 'కనీసం ఒక ల్యాబ్ అసిస్టెంటును లెక్చరర్‌గా తయారుచేసి ఉండవలెను.'

మేడం మొదటి రోజే దరఖాస్తు ఇచ్చేసింది. రూలుకు కావలసిన రెండోది భర్త చేత వేయించింది, అతని సర్టిఫికెట్లన్నీ ముందుగా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే.