ప్రిన్సిపాల్ గారి త్యాగం

ఆ ఉదయం తెలుగు టీచరమ్మ వేసుకున్న లెక్క చిన్నది. ఒక్క పీరియడ్‌లో పాత కథ చెప్పి, వ్యంగ్యమంటే ఏమిటో, దానితోపాటు నాలుగు కొత్త మాటలూ పిల్లల బుర్రకెక్కించాలి. గంట కొట్టగానే ప్రిన్సిపాల్ గదికి వెళ్లి తన తరగతి ఫ్యాను తెచ్చుకోవాలి. వారం క్రితం ఆయన దాన్ని ఊడదీయించి తన గదిలో రెండోదిగా బిగించుకున్నారు. అడిగినప్పుడల్లా "చూద్దాం" అన్నారు తప్ప చూసింది లేదు.

కథలో దర్జీ, రాజుగారి అంగీకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టాడు. "ఆహా, ఏం పనితనం!" అన్నాడు రాజు.

"అంటే రాజుగారికి నచ్చింది కదా టీచర్?" అంది ముందు బెంచీ వాగుడుకాయ. తరగతంతా తలూపింది.

టీచరమ్మకు ఒళ్లు మండింది. పైన ఉత్త కొక్కెం వెక్కిరిస్తోంది. "సరే, వినండి! మన ప్రిన్సిపాల్ గారు త్యాగమూర్తి. మీకు జలుబు చేస్తుందని గాలంతా తానొక్కరే భరిస్తున్నారు. ఎంత ఉదారులంటే, ఉక్కపోత పిసరంత కూడా ఉంచుకోకుండా మొత్తం మనకే ఇచ్చేశారు!"

పిల్లలు ఘొల్లుమన్నారు. పాఠం అందరికీ అర్థమైంది, గుమ్మంలో నిలబడి విన్న ప్రిన్సిపాల్‌కు తప్ప.

ఆయన కళ్లు చెమర్చాయి. "నన్ను అర్థం చేసుకుంది మీరొక్కరే మేడమ్! మధ్యాహ్నం మన స్కూలు ఛైర్మన్ గారొస్తున్నారు. ఇదే పిల్లలతో చెప్పించండి."

"వద్దు సార్, అదేదో పాఠం కోసం..."

"ఎంత వినయం!"

ఆయన కూడా వ్యంగ్యమే ఆడారనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఛైర్మన్ సిమెంటు వ్యాపారి. మధ్యాహ్నం ఆ తరగతిలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. వాగుడుకాయ లేచి గడగడా అప్పజెప్పింది. త్యాగానికోసారి, ఉదారతకోసారి తరగతి పగలబడి నవ్వింది.

"ఎందుకయ్యా ఆ నవ్వులు?" అని పక్కనే ఉన్న ప్రిన్సిపాల్‌ను అడిగారు ఛైర్మన్.

"నేనంటే అభిమానమండీ."

"ఇంతకీ ఆ గాలి ఎక్కడ భరిస్తున్నావు?"

ప్రిన్సిపాల్ గదికి వెళ్లి చూశారు. ఖాళీ కుర్చీకి రెండు ఫ్యాన్లూ విసురుతున్నాయి.

తిరిగి తరగతికి రాగానే ప్రిన్సిపాల్ టీచరమ్మ మీద విరుచుకుపడ్డారు. "నా పరువు తీస్తారా?"

"పరువా! పిల్లలు ఉడికిపోతున్నారిక్కడ! వారం నుంచి కాళ్లరిగేలా తిరిగాను. పొగిడితే వినబడుతుంది, అడిగితే వినబడదా మీకు?"

ఇందులో వ్యంగ్యం లేదు కనుక ఆయనకూ అర్థమైంది.

ఛైర్మన్ బేరం తెంచినట్టు తేల్చేశారు. "రెండు ఫ్యాన్లూ తరగతికే. అమ్మా, ఇంత గట్టిగా అడిగే మనిషి ఆఫీసులో ఉండాలి. రేపట్నుంచి మీరు వైస్ ప్రిన్సిపాల్. ఆ గదిలోనే ఇంకో కుర్చీ వేయిస్తా."

మర్నాడు టీచరమ్మ ఆ గదిలో అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. ఎదురు కుర్చీలో ప్రిన్సిపాల్ మెడ తుడుచుకుని, "ఎంత చల్లగా ఉందో కదా మేడమ్!" అన్నారు.

పాఠం ఆయనకూ వచ్చేసింది.