మూత వెయ్యకూడని ల్యాప్‌టాప్

ఆ శుక్రవారం ఉదయం జాస్మిన్ వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం బ్యాంకువాళ్లకు పని చూపించడం, సాయంత్రం రైలెక్కి మర్నాడు తెనాలిలో చెల్లెలి ప్రధానానికి చేరుకోవడం. చూపించలేకపోతే శనివారం కూడా మాదాపూర్ ఆఫీసులోనే.

ఒకే మనిషి పేరు రెండేసిసార్లు ఎక్కిన ఖాతాలన్నీ ఏరి, ఆమె డేటాబేస్‌లో ఒక టెంప్ టేబుల్లో, అంటే తాత్కాలిక పట్టికలో, పెట్టింది. అది పెళ్లిపందిరి లాంటిది. కనెక్షన్ ఉన్నంతసేపే నిలబడుతుంది, తెగిందా, గుంజ కూడా మిగలదు. పైగా వేసినవాళ్లకు తప్ప ఇంకొకరికి కనబడదు. పర్మనెంట్ టేబుల్ వేసే అనుమతి ఆమెకు లేదు. అందుకే బుధవారం నుంచి ల్యాప్‌టాప్ మూత వెయ్యలేదు. ఫోన్ నెట్ తగిలించి, పక్కలో పెట్టుకునే పడుకుంది.

ఇంతలో ఫైర్ డ్రిల్ గంట మోగింది. సెక్యూరిటీ తిరుపతి ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"గా ల్యాప్‌టాప్ బంద్ చేసి నడువమ్మా! అగ్గిల పడ్డంక గూడ మెయిల్ జూస్తవా ఏంది?"

"మూతేస్తే నా పనంతా పోద్దన్నా!"

"పానం బోతే పనెవలు జేస్తరు? జర జల్ది!"

తెరిచిన ల్యాప్‌టాప్‌ను కోడిపిల్లల గంపలా రెండు చేతులా ఎత్తుకుని ఆమె మెట్లన్నీ దిగింది. కిందికొచ్చేసరికి బ్యాటరీ ఎర్రబడింది. ఆమె మొహం చూసి తిరుపతి గొణుక్కుంటూనే తన టీ కెటిల్ ప్లగ్గు పీకి ఆమె ఛార్జరుకు చోటిచ్చాడు. అక్కడికే ఊడిపడ్డాడు మేనేజరు రామ్మోహనరావు.

"ఏమ్మా, నా సిస్టమ్‌లో చూస్తే అసలు టేబులే లేదంటోంది!"

"అది నాకొక్కదానికే కనబడుతుందండి."

"నీకొక్కదానికే కనబడ్డానికి అదేమైనా దైవదర్శనమా? బ్యాంకువాళ్లకేం చూపించను?"

"పర్మనెంట్ టేబుల్‌కి అనుమతి ఇప్పించండి సార్, క్షణంలో అందులోకి మార్చేస్తా."

"ఆ ముక్క ముందే అడగొచ్చుగా?"

"వారం నుంచీ అడుగుతున్నానండి."

రామ్మోహనరావు దగ్గి, డేటాబేస్ చూసుకునే శ్యామ్‌కు ఫోన్ చేసి అరిచాడు. కాసేపటికి శ్యామే జాస్మిన్‌కు ఫోన్ చేశాడు.

"జాస్మిన్ గారూ, అనుమతి ఇచ్చేశానండి!"

ఆమె ప్రాణం లేచొచ్చింది. గబగబా నాలుగు మీటలు నొక్కింది. తెర మీద టేబుల్ లేదన్న మాటే వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. చూస్తే, పాత కనెక్షన్ పోయి కొత్తది కలిసి ఉంది.

"శ్యామ్ గారూ, నా కనెక్షన్ తెగిందేంటండీ?"

"కొత్త అనుమతి పనిచెయ్యాలంటే మా దగ్గర పాత కనెక్షన్ తెంపాలండి. సార్ అర్జెంటన్నారని మీది నేనే దగ్గరుండి తెంపేశా."

జాస్మిన్ ఇప్పుడు ఎన్ని పర్మనెంట్ టేబుళ్లయినా వేసుకోవచ్చు. అందుకు శనివారమంతా తీరికే.